దొంగలెత్తుకుపోలేని విద్య: వాండా లాండోవ్‌స్కా జీవితం



మన పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఒక ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉంటుంది. పుట్టినరోజుకు కొన్నది కావచ్చు, మ్యూజిక్ క్లాసు కోసం తీసుకున్నది కావచ్చు. దాని టోన్ల జాబితాలో పియానో దాటి కాస్త కిందకు వెళితే హార్ప్సికార్డ్ అనే పేరు కనిపిస్తుంది. ఆ టోన్ పెట్టి వాయిస్తే, సన్నటి తీగను గోటితో మీటినట్టు గలగలలాడే శబ్దం వస్తుంది. పిల్లలు రెండు నిమిషాలు దానితో ఆడుకుని మళ్లీ పియానో టోన్‌కు వెళ్లిపోతారు.

1900 నాటికి యూరప్‌లో పెద్ద పెద్ద సంగీత విద్వాంసులు కూడా ఈ వాద్యాన్ని ఇంచుమించు అలాగే చూసేవారు. వాళ్ల లెక్కలో అది మ్యూజియంలో పెట్టాల్సిన పాత వస్తువు. అలాంటి వాద్యాన్ని మళ్లీ కచేరీ వేదిక మీదకు తీసుకురావడానికి జీవితమంతా పనిచేసిన మహిళ వాండా లాండోవ్‌స్కా.

ఈ నెల ఆమె జీవితాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. పేరెంట్-టీచర్ మీటింగుల్లో మేము తరచుగా వినే ప్రశ్న ఒకటుంది. పిల్లవాడు ఎనిమిదో తరగతికి వచ్చాడు, ఫౌండేషన్ కోర్సు మొదలైంది, ఇంకా ఈ మ్యూజిక్ క్లాసు వల్ల ఉపయోగం ఏమిటి అని. ప్రశ్నలో తప్పు లేదు. ఫీజు కట్టేది మీరు, పిల్లల భవిష్యత్తు గురించి ఆలోచించేది మీరు. దానికి ఒక్క మాటలో జవాబు చెప్పడం కష్టం. అయితే ఈ జీవిత కథ చదివాక ఆ ప్రశ్నను మనం కొంచెం వేరుగా అడుగుతామేమో అనిపించింది.

మీటితే పలికే వాద్యం

హార్ప్సికార్డ్ చూడటానికి సన్నటి గ్రాండ్ పియానోలాగే ఉంటుంది. లోపల జరిగే పని మాత్రం వేరు. పియానోలో కీ నొక్కితే ఫెల్ట్ అతికించిన చిన్న సుత్తి వచ్చి తీగను కొడుతుంది. హార్ప్సికార్డ్‌లో కీ నొక్కితే ఒక సన్నటి చెక్క పుల్ల పైకి లేస్తుంది. దానికి పక్షి ఈకతోనో తోలుతోనో చేసిన చిన్న ముక్క ఒకటి అమర్చి ఉంటుంది. అది తీగను మీటి పైకి పోతుంది. కీ వదలగానే పుల్ల కిందకు దిగి, తీగ శబ్దాన్ని ఆపేస్తుంది. వీణను వేలితో మీటడం, సంతూర్‌ను పుల్లలతో కొట్టడం పిల్లలు టీవీలోనైనా చూసి ఉంటారు. హార్ప్సికార్డ్‌కూ పియానోకూ ఉన్న తేడా అలాంటిదే.

దీనివల్ల ఒక పరిమితి వచ్చింది. కీని ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెద్దగా పెరగదు, మెల్లగా నొక్కినా తగ్గదు. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో బార్తొలొమియో క్రిస్టొఫొరి అనే వాద్య నిర్మాత సుత్తులతో పనిచేసే కొత్త వాద్యం తయారుచేశారు. దానితో మెల్లగానూ వాయించవచ్చు, గట్టిగానూ వాయించవచ్చు. పియానోఫోర్టే అనే ఇటాలియన్ పేరుకు అర్థం కూడా అదే. 18వ శతాబ్దం ముగిసేసరికి పియానో గెలిచింది. హార్ప్సికార్డ్‌లు మూలన పడ్డాయి.

వాద్యం మూలన పడితే దాని కోసం రాసిన సంగీతం ఏమవుతుంది? ఇంగ్లండ్‌లో రినైజాన్స్ కాలపు విలియం బర్డ్, ఫ్రాన్స్‌లో ఫ్రాన్స్వా కూప్రాన్, రామో, స్పెయిన్ రాజాస్థానంలో 555 సొనాటాలు రాసిన డొమెనికో స్కార్లాటీ, జర్మనీలో యోహాన్ సెబాస్టియన్ బాఖ్. వీళ్లంతా కీబోర్డు సంగీతం రాసింది పియానో రాజ్యమేలే కాలానికి ముందు. 19వ శతాబ్దంలో వాళ్ల రచనల్లో కొన్నింటినే వాయించేవారు, అదీ పియానో మీదే. పాత సంగీతం పల్చగా ఉంటుందని భావించి, దానికి అదనపు హంగులు చేర్చేవారు.

మన కర్ణాటక సంగీతంలో గమకం లేకపోతే రాగం ఎలా బోసిపోతుందో, హార్ప్సికార్డ్ సంగీతంలో స్వరాల చుట్టూ చేసే చిన్న చిన్న అలంకారాలు లేకపోతే అదీ అలాగే బోసిపోతుంది. కూప్రాన్ 1713లో అచ్చు వేసిన మొదటి సంపుటంలో ఏ గుర్తు కనిపిస్తే ఏ అలంకారం వాయించాలో పట్టిక వేసి మరీ ఇచ్చారు. 1716లో ఆయన హార్ప్సికార్డ్ వాయించే పద్ధతి మీద ఒక పుస్తకం రాశారు. తల్లిదండ్రులకు నవ్వు తెప్పించే సంగతి ఒకటి అందులో ఉంది. మొదట్లో గురువు ఎదుట లేనప్పుడు పిల్లల్ని సాధన చేయనివ్వకూడదని, తాను వెళ్లేటప్పుడు వాద్యం తాళంచెవి వెంట తీసుకెళతానని ఆయన రాశారు. ముప్పావు గంట జాగ్రత్తగా నేర్పింది పిల్లలు క్షణంలో పాడుచేస్తారని ఆయన భయం! ఇలాంటి పుస్తకాలన్నీ 1900 నాటికి లైబ్రరీల్లో దుమ్ముపట్టి ఉన్నాయి.

వార్సాలో చిన్న వాండా

వాండా 1879 జూలై 5న పోలండ్‌లోని వార్సా నగరంలో పుట్టింది. అప్పట్లో ఆ నగరం రష్యా సామ్రాజ్యంలో భాగం. తండ్రి లాయరు. తల్లి అనేక భాషలు తెలిసిన మనిషి, మార్క్ ట్వేన్ రచనల్ని పోలిష్ భాషలోకి అనువదించారు. యూదు మూలాలున్న కుటుంబం. ఈ సంగతి కథలో తర్వాత ముఖ్యమవుతుంది.

నాలుగేళ్లకే పియానో మొదలైంది. మొదటి గురువు యాన్ క్లెచిన్స్కీ. ఆ తర్వాత వార్సా కన్సర్వేటరీలో అలెగ్జాండర్ మిహవోవ్‌స్కీ దగ్గర చదువు. ఇద్దరూ పోలండ్ గర్వించే షొపాన్ సంగీతంలో పేరున్నవాళ్లే. అలాంటి గురువుల దగ్గర చదివిన ప్రతిభావంతురాలికి ముందున్న దారి స్పష్టంగానే ఉంది. షొపాన్ వాయించే పియానిస్టుగా పేరు తెచ్చుకోవడం. మన మాటల్లో చెప్పాలంటే, మంచి ర్యాంకుతో మంచి కాలేజీలో సీటు ఖాయమైనట్టే.

ఆ తర్వాత ఆమె స్వరరచన నేర్చుకోవడానికి బెర్లిన్ వెళ్లారు. అప్పటికే మనసు బాఖ్ వైపు లాగుతోంది. 1900లో పారిస్ చేరి, పోలండ్‌కే చెందిన జానపద పరిశోధకుడు ఆన్రీ లెవ్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆయన తోడు ఆమె జీవితాన్ని మార్చింది. లైబ్రరీల్లో పాత పుస్తకాలు, రాతప్రతులు వెతకడంలో ఆయనకు అలవాటున్న చేయి. దంపతులిద్దరూ కూర్చుని పాత సంగీతాన్ని ఆ కాలంలో ఎలా వాయించేవారో, వేళ్లు ఎలా పెట్టేవారో, అలంకారాలు ఎలా చేసేవారో వెతికారు. మ్యూజియంలలో ఉన్న వాద్యాల్ని పరిశీలించారు. ఆ శ్రమ ఫలితంగా 1909లో ప్రాచీన సంగీతం మీద ఒక పుస్తకం వెలువడింది.

ఖాయమైన దారి వదిలి

హార్ప్సికార్డ్‌ను వాయించిన మొదటి ఆధునికురాలు ఆమే అనడం సరికాదు. 1889 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో లూయీ దియెమే అనే పియానిస్టు హార్ప్సికార్డ్ వాయించి జనాన్ని ఆకట్టుకున్నారు. ప్లెయెల్, ఎరార్ అనే పియానో కంపెనీలు కొన్ని హార్ప్సికార్డ్‌లు తయారుచేశాయి కూడా. కానీ వాళ్లకది ఒక ముచ్చట. పియానో కచేరీ మధ్యలో రుచి చూపించే పాతకాలపు పలహారం. దాన్నే తన వృత్తిగా, తన జీవితంగా తీసుకోవడం వేరే సంగతి.

1903లో ఆమె మొదటిసారి సభలో హార్ప్సికార్డ్ వాయించారు. పియానోను వెంటనే వదిలేయలేదు. చాలా ఏళ్లు ఒకే కచేరీలో కొన్ని అంశాలు పియానో మీద, కొన్ని హార్ప్సికార్డ్ మీద వినిపించేవారు. బాఖ్‌ను పియానో మీద వాయించడమే సరైనదని నమ్మే విద్వాంసులు ఆమెతో వాదించారు. ఆమె వ్యాసాలతోనూ, వేళ్లతోనూ జవాబిచ్చారు. తర్వాతి కాలంలో ఆఫ్రికాలో వైద్యసేవ చేసి నోబెల్ శాంతి బహుమతి పొందిన ఆల్బర్ట్ ష్వైట్జర్ 1905లో బాఖ్ మీద ఒక పుస్తకం రాశారు. ఆమె వాయించిన ఇటాలియన్ కన్సర్టో విన్నవాళ్లు దాన్ని ఇక పియానో మీద ఊహించుకోలేరన్న అర్థం వచ్చేలా ఆయన అందులో మెచ్చుకున్నారు.

1907లోనూ 1909లోనూ ఆమె రష్యాలోని యాస్నాయా పొల్యానా వెళ్లి టాల్‌స్టాయ్ ఇంట్లో వాయించారు. రష్యా చలిలో, తీగలు బిగించిన సున్నితమైన వాద్యాన్ని వెంటబెట్టుకుని ఊళ్లు దాటడమంటే మాటలు కాదు. చలి మారితే తీగల శ్రుతి మారుతుంది, చెక్క బిగుసుకుంటుంది. అయినా ఆ వాద్యం లేకుండా ఆ సంగీతం లేదన్నది ఆమె పట్టుదల.

ఆమె కోరినట్టు ప్లెయెల్ కంపెనీ ఒక పెద్ద హార్ప్సికార్డ్ తయారుచేసింది. రెండు వరసల కీలు, తీగల వరసల్ని మార్చడానికి కాళ్ల కింద పెడళ్లు, అదనంగా గంభీరమైన మంద్రస్వరం పలికే తీగల వరస. 1912లో బ్రెస్లావ్ నగరంలో జరిగిన బాఖ్ ఉత్సవంలో అది మొదటిసారి వినిపించింది. చిన్న గదుల కోసం పుట్టిన వాద్యం పెద్ద హాలులో చివరి వరస దాకా వినపడాలన్నది ఆమె ఆలోచన.

1913లో బెర్లిన్‌లోని ప్రసిద్ధ సంగీత విద్యాసంస్థ ఆమెను పిలిచి హార్ప్సికార్డ్ క్లాసు అప్పగించింది. అంతవరకూ అక్కడ ఆ సబ్జెక్టే లేదు. సిలబస్‌లో లేని విద్యకు ఒక సీటు పుట్టింది. మరుసటి ఏడాదే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. శత్రుదేశాల వాళ్లన్న కారణంతో భార్యాభర్తలిద్దరూ యుద్ధం ముగిసేదాకా బెర్లిన్ దాటి పోకూడదన్న షరతు మీద అక్కడే ఉండిపోయారు. ఆ పరిస్థితిలోనూ ఆమె పాఠాలు చెప్పారు. యుద్ధం ముగిసి, పారిస్ తిరిగి వెళ్లే సమయం వచ్చింది. 1919లో ఒక కారు ప్రమాదంలో ఆన్రీ చనిపోయారు. నలభై ఏళ్ల వయసులో ఆమె ఒంటరిగా పారిస్ చేరారు.

తోటలో కచేరీ హాలు

ఆ తర్వాతి ఇరవై ఏళ్లు ఆమె చేసిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1923లో నాలుగు పెద్ద ప్లెయెల్ హార్ప్సికార్డ్‌లను ఓడలో వేసుకుని తొలిసారి అమెరికా వెళ్లారు. ఆ ఏడాదే అక్కడ తొలి రికార్డులు ఇచ్చారు. 1925లో పారిస్‌కు ఉత్తరాన సాన్-లూ-లా-ఫొరే అనే చిన్న ఊళ్లో స్థిరపడి, పాత సంగీతం కోసం ఒక పాఠశాల పెట్టారు. 1927లో ఇంటి తోటలోనే ఒక చిన్న కచేరీ హాలు కట్టించారు. వేసవి ఆదివారాల్లో పారిస్ నుంచి జనం వచ్చి అక్కడ వినేవారు. దేశదేశాల విద్యార్థులు వచ్చి నేర్చుకునేవారు.

పాత వాద్యం కోసం కొత్త రచనలు కూడా మొదలయ్యాయి. స్పెయిన్ స్వరకర్త మాన్యుయెల్ దె ఫాయా ఆమె కోసం రాసిన కన్సర్టోను 1926లో బార్సెలోనాలో ఆమే తొలిసారి వాయించారు. ఫ్రెంచి స్వరకర్త పులెంక్ రాసిన మరో కన్సర్టో 1929లో పారిస్‌లో వినిపించింది. వందేళ్లకు పైగా ఎవరూ పట్టించుకోని వాద్యానికి సమకాలీన స్వరకర్తలు మళ్లీ రాస్తున్నారంటే అది మ్యూజియం నుంచి బయటపడినట్టే.

1933లో ఆ తోట హాలులోనే ఆమె బాఖ్ రచించిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ మొత్తం హార్ప్సికార్డ్ మీద వాయించారు. ఇది 1741లో అచ్చయిన రచన. మొదట ఆరియా అనే నెమ్మదైన పాట. తర్వాత దాని ఆధార స్వరాల మీద అల్లిన 30 రూపాలు. చివర మళ్లీ ఆ ఆరియా. రెండు వరసల కీలున్న హార్ప్సికార్డ్ కోసమే బాఖ్ దీన్ని రాశారు. ఒకే వరస ఉన్న పియానో మీద కొన్నిచోట్ల రెండు చేతులూ ఒకదాన్నొకటి ఢీకొంటాయి. అంటే ఈ రచనకు అసలు ఇల్లు హార్ప్సికార్డే. ఆ ఏడాది నవంబరులో దాన్ని రికార్డు కూడా చేశారు. అప్పటికి ఆమె వయసు 54.

ఇల్లు ఖాళీ అయిన రోజు

1940 నాటికి రెండో ప్రపంచ యుద్ధం ఫ్రాన్స్‌ను చుట్టుముట్టింది. ఆ ఏడాది పారిస్‌లో ఆమె స్కార్లాటీ సొనాటాలు రికార్డు చేస్తుండగా బయట విమానాల మీదకు పేల్చిన ఫిరంగుల మోత కూడా రికార్డులోకి వచ్చేసింది. ఆమె ఆపలేదు. ఇప్పటికీ ఆ రికార్డులో ఆ మోత వినిపిస్తుంది.

జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌లోకి వచ్చింది. యూదు కుటుంబంలో పుట్టిన మనిషి అక్కడ ఉండటం ప్రాణాలతో చెలగాటమే. తన శిష్యురాలు డెనిస్ రెస్టూతో కలిసి ఆమె ఇల్లు వదిలి దక్షిణ ఫ్రాన్స్‌కు వెళ్లిపోయారు. సాన్-లూలోని ఆ ఇంట్లో మిగిలిపోయినవేమిటో చూడండి. ఎన్నో ఏళ్లుగా సేకరించిన పాత వాద్యాలు, రాతప్రతులు, సుమారు పదివేల పుస్తకాల లైబ్రరీ. 1913లో మయోర్కా దీవిలో కొన్న చిన్న పియానో కూడా అందులో ఉంది. షొపాన్ 1838, 1839 మధ్య శీతాకాలంలో ఆ దీవిలో ఉన్నప్పుడు వాయించిన పియానో అది.

ఆక్రమిత దేశాల్లో యూదుల సంగీత సంపదను కొల్లగొట్టడానికి నాజీలు ప్రత్యేకంగా ఒక విభాగాన్ని పెట్టారు. ఆ ఏడాది సెప్టెంబరులో వాళ్లు సాన్-లూ వచ్చి, పెట్టెల్లో సర్ది అన్నీ తీసుకెళ్లిపోయారు. వచ్చినవాళ్లకు సంగీతం తెలుసు. ఏది విలువైనదో తెలిసే తీసుకెళ్లారు.

మనలో చాలామంది చిన్నప్పుడు భర్తృహరి సుభాషితాల్లో విద్య గురించి చెప్పిన పద్యాన్ని కంఠస్థం చేసి ఉంటాం. విద్య రహస్యంగా దాచిన ధనమనీ, దాన్ని దొంగలు ఎత్తుకుపోలేరనీ పెద్దలు దాని అర్థం చెప్పేవారు. పరీక్షలో ప్రతిపదార్థం రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ మాట ఎంతవరకు నిజమో పరీక్షించే సందర్భం మామూలు జీవితాల్లో రాదు. వాండా జీవితంలో అక్షరాలా వచ్చింది.

సుభాషితం సగం ఊరటే ఇస్తుందని కూడా ఒప్పుకోవాలి. పోయిన పుస్తకాలు పోయినట్టే. ఏళ్ల తరబడి ఆన్రీతో కలిసి పోగుచేసుకున్నదంతా ఆ ఇంట్లోనే ఉంది. యుద్ధం తర్వాత కొన్ని వాద్యాలు జర్మనీలో దొరికాయి, షొపాన్ పియానో వాటిలో ఒకటి. లైబ్రరీలో చాలా భాగం తిరిగి రాలేదు. ఆ నష్టం తీరేది కాదు. చేతుల్లో ఉన్న విద్య మాత్రం ఆమెతో పాటే రైలెక్కింది.

62 ఏళ్ల వయసులో కొత్త జీవితం

దక్షిణ ఫ్రాన్స్ నుంచి లిస్బన్, లిస్బన్ నుంచి ఓడలో అమెరికా. వాండా, డెనిస్ న్యూయార్క్ చేరిన రోజు 1941 డిసెంబరు 7. అదే రోజు పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది. యుద్ధం నుంచి తప్పించుకుని వచ్చిన దేశం కూడా యుద్ధంలోకి దిగింది. ఆమె వయసు 62. మన దగ్గర ఉద్యోగులు రిటైరై మనవళ్లతో గడిపే వయసు.

పదకొండు వారాల తర్వాత, 1942 ఫిబ్రవరి 21న, న్యూయార్క్‌లోని టౌన్ హాల్‌లో ఆమె కచేరీ జరిగింది. అంశం గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్. ఆమె వేదిక మీదకు వచ్చే తీరు గురించి చూసినవాళ్లంతా చెప్పేవారు. ముదురు రంగు పొడవాటి గౌను, నమస్కారం పెట్టినట్టు జోడించిన చేతులు, చాలా నెమ్మదైన నడక, వాద్యం దగ్గర మసక వెలుతురు. చిన్న మనిషి. వాయించడం మొదలయ్యాక ఆ చిన్న మనిషి హాలంతా నిండిపోయేవారట.

ఆ సాయంత్రాన్ని ఒక్కసారి ఊహించండి. ఇల్లు లేదు, లైబ్రరీ లేదు, దేశం లేదు. ముందున్నది రెండు వరసల కీలు, ముప్పై రూపాల్లో మారే ఒక పాట. దాదాపు ప్రతి మూడో రూపంలో బాఖ్ ఒక గొంతు వెనకే మరో గొంతు అదే పాటను అనుసరించేలా రాశారు. రెండు చేతులూ రెండు వేర్వేరు ఆలోచనల్ని ఒకేసారి నడపాలి. అదంతా ఆమె వేళ్లలోనే ఉంది. కచేరీ ఘనవిజయం సాధించింది. న్యూయార్క్ విమర్శకులు మెచ్చుకున్నారు. విద్యార్థులు మళ్లీ వెతుక్కుంటూ వచ్చారు. రికార్డుల కంపెనీ పిలిచింది.

డెబ్బై ఏళ్లకు మొదలైన పెద్ద పని

1949లో ఆమె కనెక్టికట్ రాష్ట్రంలోని లేక్‌విల్ అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డారు. అదే ఏడాది, డెబ్బై ఏళ్ల వయసులో, బాఖ్ రాసిన వెల్-టెంపర్డ్ క్లావియర్‌ను మొత్తం రికార్డు చేసే పని మొదలుపెట్టారు. రెండు భాగాలు, ఒక్కో భాగంలో 24 జంటలు, కలిపి 48 ప్రెల్యూడ్‌లు, 48 ఫ్యూగ్‌లు. 12 స్వరాల్లో ప్రతి ఒక్కదాన్నీ ఆధారంగా చేసుకుని, మేజర్‌లో ఒకటి, మైనర్‌లో ఒకటి. బాఖ్ మొదటి భాగాన్ని 1722లో పూర్తిచేశారు. నేర్చుకోవాలన్న యువత కోసమూ, నేర్చినవాళ్ల కాలక్షేపం కోసమూ ఉద్దేశించినట్టు ముఖపత్రం మీద రాసుకున్నారు.

ఈ రికార్డింగ్ పూర్తయ్యేసరికి 1954 వచ్చింది. ఆమెకు దాదాపు 75 ఏళ్లు. మధ్యలో తొందరపడి ముగించలేదు. ఆ రికార్డులు ఇప్పటికీ దొరుకుతాయి. సభల్లో వాయించడం 1954తో ఆపేశారు గానీ, ఇంట్లో సాధన, రాత, పాఠాలు ఆగలేదు. 1959 ఆగస్టు 16న, 80 ఏళ్ల వయసులో, లేక్‌విల్‌లోని ఇంట్లోనే కన్నుమూశారు. ఆమె రాతల్ని డెనిస్ రెస్టూ జాగ్రత్తగా కూర్చి 1964లో పుస్తకంగా తెచ్చారు.

శిష్యులు వేరే దారి పట్టారు

కథ ఇక్కడితో ముగిస్తే బాగానే ఉంటుంది. కానీ మన పిల్లలకు చెప్పాల్సిన ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది.

ఆమె ప్రాణంగా చూసుకున్న ప్లెయెల్ హార్ప్సికార్డ్ మీద తర్వాతి తరం నమ్మకం కోల్పోయింది. అది పియానో కంపెనీ పియానోలాగా బరువుగా తయారుచేసిన వాద్యం, బాఖ్ కాలంలో అలాంటిది లేదు అన్నారు. అమెరికాలో ఫ్రాంక్ హబ్బర్డ్, విలియం డౌడ్ లాంటి నిర్మాతలు 17, 18 శతాబ్దాల అసలు వాద్యాల్ని విప్పి, కొలిచి, అలాంటి తేలికైన చెక్క వాద్యాల్ని తయారుచేశారు. నెదర్లాండ్స్‌లో గుస్తావ్ లియోన్‌హార్ట్ లాంటి కళాకారులు వాటి మీదే వాయించారు. ఆమె దగ్గర కొంతకాలం చదివిన రాల్ఫ్ కర్క్‌ప్యాట్రిక్ కూడా ఆమె దారిలో నడవలేదు. ఆయన 1953లో స్కార్లాటీ మీద పుస్తకం రాసి, సొనాటాలన్నింటికీ వరస సంఖ్యలు ఇచ్చారు. ఇప్పుడు ప్రపంచమంతా ఆ సంఖ్యలతోనే వాటిని పిలుస్తుంది.

వాళ్లు చెప్పింది సబబే. ఇవాళ పాత సంగీతం వాయించేవాళ్లు ప్లెయెల్ వాద్యాన్ని అరుదుగా ముట్టుకుంటారు. కానీ పాత సంగీతాన్ని పాత వాద్యం మీదే వినాలి, దాని కోసం పాత పుస్తకాలు తెరవాలి అన్న పట్టుదలను గట్టిగా నాటినవాళ్లలో ఆమె ముందుంటారు. ఆ పట్టుదలతోనే తర్వాతివాళ్లు ఆమె వాద్యాన్ని ప్రశ్నించారు. టీచరుగా నాకు ఈ భాగమే ఎక్కువ నచ్చుతుంది. పాఠం నేర్చుకున్న విద్యార్థి ఏదో ఒక రోజు టీచరును దాటి ఆలోచించాలి. అది పాఠం పనిచేసిందనడానికి గుర్తు.

మళ్లీ మన ప్రశ్నకు

మ్యూజిక్ క్లాసు వల్ల ఉపయోగం ఏమిటి? మ్యూజిక్ నేర్చుకుంటే మార్కులు పెరుగుతాయని ఇక్కడ రాయబోవడం లేదు. ప్రతి పిల్లా లాండోవ్‌స్కా అవుతుందని చెప్పడం అబద్ధం. ఫౌండేషన్ కోర్సు మానేయమని చెప్పే ఉద్దేశమూ లేదు. ఆమె కూడా గురువుల దగ్గర క్రమశిక్షణతో చదివారు, లైబ్రరీల్లో గంటల తరబడి కూర్చున్నారు. ఇష్టం కొద్దీ చేసే పనిలో కష్టం తక్కువేమీ ఉండదు.

అడగాల్సింది ఇది. మన పిల్లలు నేర్చుకుంటున్న వాటిలో, సర్టిఫికెట్లు పోయినా, ఊరు మారినా, ఉద్యోగం మారినా వాళ్లతో మిగిలేవి ఏవి? పరీక్ష అయిపోగానే మరిచిపోయేవి ఏవి? మాథ్స్ ఇష్టంగా చేసే పిల్లకు మాథ్స్ మిగులుతుంది. బొమ్మలు వేసే పిల్లవాడికి ఆ చేయి మిగులుతుంది. తెలుగు పద్యం ఇష్టపడి నేర్చుకున్న పిల్లకు పద్యం మిగులుతుంది. ఏది మిగులుతుందో సిలబస్ చూసి చెప్పలేం. ఎవరూ అడగకపోయినా పిల్లలు మళ్లీ మళ్లీ దేని దగ్గరకు వెళుతున్నారో గమనిస్తే కొంత తెలుస్తుంది. క్లాసు మాన్పించే ముందు ఒక నెల రోజులు ఆ గమనింపు చేయమని మాత్రమే మా మనవి. మీరు చూసింది వచ్చే మీటింగులో మాతో చెప్పండి. అప్పుడు కలిసి నిర్ణయిద్దాం.

ఈ నెల ఇంట్లో

ఒక ఆదివారం సాయంత్రం యూట్యూబ్‌లో గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ పెట్టండి. ముందు హార్ప్సికార్డ్ మీద, తర్వాత పియానో మీద. లాండోవ్‌స్కా వాయించిందీ దొరుకుతుంది. పాత రికార్డు కాబట్టి కాస్త గరగర ఉంటుంది. మొదటి అయిదు నిమిషాలు విన్నా చాలు. ఏది కొట్టిన తీగ, ఏది మీటిన తీగ అని పిల్లల్ని అడగండి. ఏది బాగుందో వాళ్లనే చెప్పనివ్వండి. దీనికి సరైన జవాబంటూ లేదు, మార్కులూ లేవు.

ఓపిక ఉన్న ఇంట్లో ఎవరైనా చివరిదాకా వింటే, ముప్పై రూపాల తర్వాత మొదటి పాటే మళ్లీ వస్తుంది. ఆ సంగతి పిల్లలకు ముందుగా చెప్పకండి. వాళ్లంతట వాళ్లు గుర్తుపట్టినప్పుడు ముఖం ఎలా వెలుగుతుందో చూడండి.